మొండికేసిన మినీ పీసీ: ఫర్మ్‌వేర్ గీసిన గీత ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

మా బావమరిదికి గుడివాడలో జిరాక్స్, డీటీపీ షాపుంది. పాత టవర్ పీసీ తీసేసి, అరచేతిలో పట్టేంత మినీ పీసీ పెట్టుకున్నాడు. లోపల ఉన్నది ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ చిప్. నెల తిరక్కుండానే ఫోన్ చేశాడు. “బావా, చిన్న ఫైలైతే చిటికెలో అయిపోతోంది. పెద్దది పెడితేనే మొండికేస్తోంది. వేడెక్కుతోందేమోనని పక్కన టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టా. అయినా అంతే!”

ఫ్యాన్ పెట్టినా తేడా రాలేదన్న ఆ ఒక్క ముక్కలోనే సగం జవాబు ఉంది. నాకది తర్వాత వెలిగింది. ముందు నేనూ వేడే అనుకున్నాను, థర్మల్ పేస్ట్ ట్యూబు జేబులో వేసుకుని మరీ వెళ్లాను. ఆ ట్యూబు మూత తీయాల్సిన పని పడలేదు.

మినీ పీసీ ఎంత వేగంగా నడవాలో చిప్ మీది పేరు ఒక్కటే తేల్చదు. ఆ చిప్‌కి ఎన్ని వాట్లు ఇవ్వాలి, ఎంతసేపు ఇవ్వాలి, ఎన్ని డిగ్రీలు దాటితే చేతులు కట్టేయాలి అనేది పెట్టె తయారుచేసినవాళ్లు ఫర్మ్‌వేర్‌లో, అంటే బోర్డు మీదే ఉండి పీసీని లేపే సాఫ్ట్‌వేర్‌లో, రాసిపెడతారు. ఒకే ఎన్100 ఒక పెట్టెలో 6 వాట్లతో, ఇంకో పెట్టెలో 20 వాట్లతో నడవడానికి కారణం ఇదే. కాబట్టి ఏదైనా మార్చే ముందు ఏ హద్దు అడ్డం పడుతోందో తేల్చుకోవాలి. కింద చెప్పేది ఎన్100ని ఉదాహరణగా పెట్టుకునే అయినా, ఇంటెల్ చిప్ ఉన్న ఏ చిన్న పెట్టెకైనా పద్ధతి ఇదే. అంకెలు మాత్రం మారతాయి.

ముందు అర్థం చేసుకోవాల్సిన మూడు అంకెలు

2023 జనవరిలో వచ్చిన ఎన్100లో నాలుగు కోర్లు, టర్బోలో (అంటే వీలైనప్పుడు ఎక్కే అదనపు వేగంలో) గరిష్ఠంగా 3.4 గిగాహెర్ట్జ్, టీడీపీ (ఇంటెల్ లెక్కగట్టిన పవర్) 6 వాట్లు. ఆ 3.4 ఒక్క కోర్ పనిచేస్తున్నప్పటి మాట. నాలుగూ కలిసి దున్నేటప్పుడు 2.9 దగ్గర ఆగుతుంది. ఇది తెలియక “నాకు 3.4 రావట్లేదు” అని గంటలు పాడుచేసుకునేవాళ్లున్నారు.

ఫర్మ్‌వేర్‌లో మనకు కావలసినవి పీఎల్1, పీఎల్2 (పీఎల్ అంటే పవర్ లిమిట్), టౌ. పీఎల్1 అంటే దీర్ఘకాలం సగటున ఇంతకు మించి వాడకూడదనే వాట్లు. పీఎల్2 కాసేపు మాత్రం వాడుకోనిచ్చే ఎక్కువ వాట్లు. టౌ ఆ ‘కాసేపు’ని తేల్చే అంకె, మామూలుగా 28 సెకన్లు.

ఇక్కడే అందరూ పొరబడతారు. టౌ 28 అంటే 28 సెకన్లు పూర్తి వేగం, 29వ సెకనులో బ్రేకు అని కాదు. చిప్ తన వాడకానికి కదిలే సగటు ఒకటి లెక్కేసుకుంటూ ఉంటుంది. ఆ సగటు పీఎల్1ని తాకిన క్షణంలో వేగం పడిపోతుంది. పూర్తి లోడ్‌లో చిప్ 18 వాట్లు లాగుతుందనుకుందాం. పీఎల్1 6 వాట్లయితే, ఖాళీగా ఉన్న స్థితి నుంచి మొదలుపెట్టాక సుమారు 11 సెకన్లకే సగటు 6కి చేరుతుంది. పీఎల్1 10 అయితే దాదాపు 23 సెకన్లు పడుతుంది. 15 అయితే 50 సెకన్లు. టౌ మూడింటికీ ఒకటే. చిన్న ఫైలు చిటికెలో అయిపోవడం, పెద్దది మొండికేయడం వెనకున్న కథ ఇదే. చిన్న ఫైలు ఆ పదకొండు సెకన్లలోపే అయిపోయేది.

మొదటి మెట్టు: ఏమీ ముట్టుకోకుండా రాసుకోండి

బయోస్‌లోకి, అంటే ఆ ఫర్మ్‌వేర్ సెట్టింగుల తెరలోకి, వెళ్లి ఫర్మ్‌వేర్ వెర్షన్, తేదీ రాసుకోండి. పవర్, థర్మల్, ఫ్యాన్, మెమరీ పేజీలన్నిటికీ ఫోన్‌తో ఫొటోలు తీయండి. బద్ధకించకండి. రేపు డీఫాల్ట్‌లోకి వెళ్లాల్సి వస్తే, పెట్టెతో వచ్చిన సెట్టింగులు, బయోస్‌లోని ‘లోడ్ డీఫాల్ట్స్’ ఇచ్చే సెట్టింగులు ఒకటే అయి ఉంటాయని హామీ లేదు.

అడాప్టర్ మీది అంకెలు కూడా రాసుకోండి. ఈ పెట్టెలకు ఎక్కువగా వచ్చేది 12 వోల్టులు, 3 ఆంపియర్లు, అంటే 36 వాట్లు. చిప్‌కి 20 వాట్లు ఇచ్చి, పైన ర్యామ్, ఎస్ఎస్‌డీ, యూఎస్‌బీలో బయటి హార్డ్‌డిస్క్ తగిలిస్తే ఆ 36లో మిగిలేది కొంచెమే. లోడ్ పడగానే చప్పుడు చేయకుండా రీస్టార్ట్ అయ్యే పెట్టెల్లో నేను ముందు అనుమానించేది అడాప్టర్‌నే.

గది ఉష్ణోగ్రత కూడా రాయండి. ఎందుకో తర్వాత చెబుతాను.

రెండో మెట్టు: పది నిమిషాల పరుగు

విండోస్‌లో అయితే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సెన్సార్లు తెరిచి పెట్టుకుని, సినీబెంచ్ ఆర్23ని పది నిమిషాల పరీక్షలో నడపండి. ఒక్కసారి నడిపి వచ్చే స్కోర్ మొదటి నిమిషం గొప్ప మాత్రమే చూపిస్తుంది, అది మనకు అక్కర్లేదు. లినక్స్‌లో అయితే స్ట్రెస్-ఎన్‌జీతో నాలుగు కోర్లకూ పని పెట్టి, పక్క విండోలో టర్బోస్టాట్‌ని వేగం, వాట్లు, వేడి సెకనుకోసారి రాసేలా నడపండి.

నాకు ఇష్టమైన పద్ధతి ఇంకోటుంది. ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అక్కడ కొలవడం. లోపలున్న విండోస్‌లో యాంటీవైరస్ తిరుగుతోందా, అప్‌డేట్ దిగుతోందా అనే గోల ఉండదు. పెన్‌డ్రైవ్‌లో కూడా అదే అంకె దగ్గర ఆగిందంటే తప్పు విండోస్‌ది కాదు, కిందున్న ఫర్మ్‌వేర్‌దే.

షాపులో టర్బోస్టాట్ చూస్తూ కూర్చున్నాం. మొదటి వరసలు: 2.9 గిగాహెర్ట్జ్, 18 వాట్లు. బావమరిది “బానే ఉందిగా” అన్నాడు. పదో సెకను దాటగానే వాట్లు 17, 11, 7... ఆ తర్వాత 6.0 దగ్గర అతుక్కుపోయాయి. ఫ్రీక్వెన్సీ 1.7కి పడింది. ఉష్ణోగ్రత చూస్తే 52 డిగ్రీలు! చిప్ 105 వరకూ ఓర్చుకుంటుంది. వేడితో సంబంధమే లేదు. టేబుల్ ఫ్యాన్ తిప్పితే 52 కాస్తా 47 అయింది, 1.7 మాత్రం 1.7గానే ఉండిపోయింది.

మూడో మెట్టు: ఏ హద్దో గుర్తుపట్టడం

వాట్లు ఒకే అంకె దగ్గర, అంటే 6, 10, 15 లాంటి చోట అతుక్కుని, వేడి తక్కువగా ఉంటే అది పవర్ హద్దు. ఉష్ణోగ్రత ఒక అంకె దగ్గర అతుక్కుని, వాట్లు నెమ్మదిగా జారుతూ ఉంటే అది వేడి హద్దు. ఆ అంకె 105 కాకుండా 85 గానీ 90 గానీ అయితే ఫర్మ్‌వేర్‌లో టీసీసీ ఆఫ్‌సెట్ పెట్టారని, అంటే వేడి హద్దుని అన్ని డిగ్రీలు కిందికి దించారని అర్థం. టర్బోస్టాట్ మొదలవగానే పైన ముద్రించే వివరాల్లో అసలు హద్దూ ఆఫ్‌సెట్టూ కనిపిస్తాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో అయితే పనితీరు పరిమితి కారణాలు అని ఒక విభాగం ఉంటుంది. ఏ వరసలో ‘యెస్’ (అవును) అని పడిందో చూస్తే చాలు.

మూడో రకం కాస్త భయపెడుతుంది. ఫ్రీక్వెన్సీ 800 మెగాహెర్ట్జ్ లోపుకి పడిపోయి అక్కడే కూర్చుంటుంది, వేడీ ఉండదు, వాట్లూ ఉండవు. ఇది ప్రోక్‌హాట్ (‘ప్రాసెసర్ హాట్’) అనే సిగ్నల్ పని. చిప్ చల్లగానే ఉన్నా, బోర్డు మీది ఇంకో భాగం ‘నాకు వేడెక్కింది’ అనో, ‘కరెంటు చాలట్లేదు’ అనో చిప్ చేతులు కట్టేస్తుంది. ఇలాంటప్పుడు ముందు వేరే మంచి అడాప్టర్ పెట్టి చూడండి. ప్రోక్‌హాట్‌ని సాఫ్ట్‌వేర్‌తో ఆపేసే చిట్కాలు చాలానే తిరుగుతుంటాయి. నేనైతే ఆ జోలికి పోను. అది అరుస్తున్నది ఎందుకో తెలియకుండా నోరు మూయిస్తే బోర్డే పోవచ్చు.

వాట్లూ ఫ్రీక్వెన్సీ రెండూ బాగుండి పని మాత్రం నత్తనడక నడుస్తుంటే ప్రాసెసర్‌ని వదిలేయండి. ర్యామ్, ఎస్ఎస్‌డీ వైపు చూడాలి.

ర్యామ్, ఎస్ఎస్‌డీ

ఎన్100కి మెమరీ ఛానల్, అంటే ర్యామ్‌తో మాట్లాడే దారి, ఒక్కటే. డీడీఆర్4 3200 అయితే సెకనుకు గరిష్ఠంగా 25.6 గిగాబైట్లు, డీడీఆర్5 4800 అయితే 38.4. ఏ బయోసూ దీన్ని రెట్టింపు చేయలేదు. 3200 స్టిక్ పెట్టినా కొన్ని ఫర్మ్‌వేర్లు 2666 దగ్గరే నడుపుతాయి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూస్తే ఇప్పుడు నడుస్తున్న వేగం తెలుస్తుంది. ఇంటెల్ అధికారికంగా చెప్పే గరిష్ఠ మెమరీ 16 జీబీ. 32 జీబీ స్టిక్ చాలా పెట్టెల్లో పనిచేస్తుంది, అయితే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఒక్క రౌండైనా పూర్తిగా తిరిగే వరకూ నమ్మకండి. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉండిపోవచ్చు. కొత్త స్టిక్‌తో సర్దుకునే తంతు అది. పోయిందనుకుని ప్లగ్ పీకేయకండి, వెళ్లి టీ తాగి రండి.

ఎస్ఎస్‌డీ విషయంలో జనం మోసపోయేది ఎక్కువ. డబ్బా మీద సెకనుకు 3500 మెగాబైట్లు అని ఉంటుంది. ఎన్100కి మొత్తం ఉన్నదే తొమ్మిది పీసీఐఈ 3.0 లేన్లు (డేటా నడిచే దారులు). వాటిలోనే నెట్‌వర్క్ చిప్పులు, వైఫై, ఎస్ఎస్‌డీ అందరూ పంచుకోవాలి. అందుకని కొన్ని పెట్టెల్లో ఎస్ఎస్‌డీ కూర్చునే ఎం.2 స్లాట్‌కి ఒకటో రెండో లేన్లే దక్కుతాయి. ఒక్క లేన్ సిద్ధాంతపరంగానే 985 మెగాబైట్లు. నిజంగా చేతికొచ్చేది 850 చుట్టుపక్కల. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర రెండు విలువలుంటాయి. మొదటిది ఇప్పుడు నడుస్తున్నది, రెండోది ఎస్ఎస్‌డీకి చేతనైనది. అవి వేరైతే ఎస్ఎస్‌డీని తిట్టకండి, మార్చి ఇంకోటి కొనకండి. బోర్డు మీద ఆ స్లాట్‌కి వేసిన తీగలే తక్కువ. ఇది బయోస్‌తో తీరేది కాదు.

రాసే వేగం కొలవడానికి ఒక గిగాబైట్ పరీక్ష చాలదు. ఎస్ఎస్‌డీ దాన్ని తన వేగవంతమైన క్యాష్‌లో పడేసి అదరగొట్టేసినట్టు చూపిస్తుంది. 50 జీబీ ఫైలు కాపీ చేసి, మధ్యలో ఎక్కడ జారుతుందో చూడండి.

నెట్‌వర్క్ మాటకొస్తే రెండు పెట్టెల మధ్య వేగం కొలిచే ఐపెర్ఫ్3 నడిపితే సరిపోతుంది. గిగాబిట్ పోర్టు 940 మెగాబిట్ల దగ్గర, 2.5 గిగాబిట్ పోర్టు 2.35 గిగాబిట్ల దగ్గర ఆగితే అంతా సవ్యమే.

నాలుగో మెట్టు: హద్దు మార్చడం

బయోస్‌లో చాలావరకు ‘అడ్వాన్స్‌డ్’ కింద ‘పవర్ అండ్ పర్ఫార్మెన్స్’, అందులో సీపీయూ పవర్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. అక్కడ ‘పవర్ లిమిట్ 1’ దగ్గర విలువ మిల్లీవాట్లలో ఇవ్వాలి. 12 వాట్లు కావాలంటే 12000. ఒకతను 12 అని మాత్రమే కొట్టి, పెట్టె పాకుతోందని నాకు వీడియో పంపాడు. సున్నాలు లెక్కపెట్టుకోండి. ‘ఓవర్‌రైడ్’ అని పక్కన స్విచ్ ఉంటే ముందు దాన్ని ఆన్ చేయాలి, లేకపోతే మీరిచ్చిన అంకెను అది చూడనే చూడదు.

ఆ మెనూనే లేని పెట్టెలు కూడా ఉంటాయి. లినక్స్‌లో పవర్‌క్యాప్ అనే ఏర్పాటుంది. దాని ఫోల్డర్‌లో ఇంటెల్-ర్యాపల్ కింద ‘కాన్‌స్ట్రెయింట్ 0’ అంటే పీఎల్1, ‘కాన్‌స్ట్రెయింట్ 1’ అంటే పీఎల్2. ఇక్కడ విలువ మైక్రోవాట్లలో ఉంటుంది, 12 వాట్లంటే 12000000. రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) ఆ ఫైల్లోకి అంకె రాస్తే అప్పటికప్పుడే అమల్లోకి వస్తుంది. విండోస్‌లో ఇదే పని థ్రాటిల్‌స్టాప్ చేస్తుంది.

రాసినా మారకపోతే? మూడు కారణాలు చూశాను. ఒకటి, ఫర్మ్‌వేర్ తాళం వేసేసింది. పవర్ హద్దు ఉండే రిజిస్టర్‌లో ఒక లాక్ బిట్ ఉంటుంది. బూట్ అవుతున్నప్పుడే దాన్ని వేసేస్తే మళ్లీ రీస్టార్ట్ అయ్యేదాకా ఎవరూ విప్పలేరు. రెండు, హద్దు రెండు చోట్ల రాసి ఉంటుంది, ఒకటి ఎంఎస్ఆర్‌లో (ప్రాసెసర్ లోపలి రిజిస్టర్), రెండోది ఎంఎంఐవోలో (మెమరీ చిరునామాతో చేరుకునే రిజిస్టర్). రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. ఒకటి 15కి పెంచి, రెండోది 6 దగ్గరే వదిలేస్తే ఉన్నచోటే ఉంటారు. పవర్‌క్యాప్‌లో ఇంటెల్-ర్యాపల్-ఎంఎంఐవో అని ఇంకో ఫోల్డర్ కనిపిస్తే అందులోనూ రాయాలి. మూడు, బోర్డు మీది ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ కొన్ని సెకన్లకోసారి తన అంకెనే మళ్లీ రాసేస్తుంటుంది. రాసిన నిమిషం తర్వాత అదే ఫైలు చదివి చూస్తే దొంగ దొరికిపోతాడు.

ఇలా లినక్స్ నుంచి రాసింది రీస్టార్ట్‌తో పోతుంది. స్లీప్ నుంచి లేచాక కూడా పోవచ్చు. బూట్‌లో ఒకసారి, నిద్ర లేచాక ఒకసారి నడిచేలా చిన్న సిస్టమ్‌డీ సర్వీస్ రాసుకోవాలి.

ఎన్ని వాట్లు పెట్టాలి?

ఇది తొందరపడాల్సిన చోటు కాదు. రెండ్రెండు వాట్లు పెంచుకుంటూ, ప్రతిసారీ పది నిమిషాల పరుగు తీసి, చివరి మూడు నిమిషాల అంకెలు రాసుకోండి. ఒకసారికి ఒకటే మార్చాలి. పీఎల్1తో పాటు ఫ్యాన్ సెట్టింగూ మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

షాపులో గది 31 డిగ్రీలున్నప్పుడు ఆ పెట్టె ఇచ్చిన లెక్క ఇది. 6 వాట్లకు 1.7 గిగాహెర్ట్జ్, 52 డిగ్రీలు. 10కి 2.3, 66 డిగ్రీలు. 15కి 2.7, 83 డిగ్రీలు. 18కి 2.9, 93 డిగ్రీలు. 20 ఇచ్చినా 18కి మించి తినలేదు, ఎందుకంటే నాలుగు కోర్ల హద్దు 2.9 అడ్డం వచ్చింది. మొదటి నాలుగు వాట్లకు 600 మెగాహెర్ట్జ్ దక్కితే, చివరి మూడు వాట్లకు 200 మాత్రమే. ఫ్రీక్వెన్సీ పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, ఖర్చు ఆ వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. పై మెట్లు ఎక్కేకొద్దీ ధర ఎక్కువ.

గది ఉష్ణోగ్రత రాసుకోమన్నది ఇందుకే. చిప్ వేడిలోంచి గది వేడి తీసేసి వాట్లతో భాగిస్తే, ఈ పెట్టెకి వాట్‌కి మూడున్నర డిగ్రీలు వస్తున్నాయి. ఇది పెట్టె గుణం. దుమ్ము పట్టేదాకా పెద్దగా మారదు. ఇప్పుడు మే నెల రానివ్వండి. ఏసీ లేని షాపులో మధ్యాహ్నం 40 డిగ్రీలంటే వింత కాదు. 18 వాట్లు పెడితే 63 డిగ్రీలు పైన కలిసి 103! చిప్ హద్దుకి రెండు డిగ్రీల దూరం. 15 పెడితే 92. 12 పెడితే 82. జనవరిలో ఏసీ గదిలో కొలిచి ‘నా పెట్టె 18 లాగుతోంది’ అని చంకలు గుద్దుకుంటే, వేసవిలో బిక్కమొహం వేయాల్సి వస్తుంది.

మేం 12 దగ్గర ఆగాం. పీఎల్2 18, టౌ 28. వేగం 2.5 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడింది. 140 పేజీల స్కాన్‌ని అక్షరాలు గుర్తుపట్టే పీడీఎఫ్‌గా మార్చడానికి అంతకుముందు 11 నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఏడున్నర. బావమరిదికి సినీబెంచ్ స్కోర్ ఎంతైతేనేం, ఆ మూడున్నర నిమిషాలే కావాలి. మీరూ ఆఖరి కొలత మీ రోజువారీ పనితోనే తీయండి.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ సంగతి

దీన్ని చివర పెట్టింది కావాలనే. “బయోస్ అప్‌డేట్ చేయి, అదే బాగవుతుంది” అన్న సలహాని నేను మొదటి అడుగుగా ఎప్పుడూ ఒప్పుకోను. చిన్న పెట్టెల్లో ఒకే పేరుతో వేర్వేరు బోర్డులు వస్తుంటాయి. పొరపాటున పక్క బోర్డు ఫైలు ఎక్కిస్తే పెట్టె ఇటుకరాయే. బోర్డు మీద ముద్రించిన అక్షరాలు, ఇప్పుడున్న బయోస్ వెర్షన్ పేరు, ఫైలు పేరు మూడూ పొసిగితేనే ముందుకెళ్లండి. యూపీఎస్ మీద పెట్టకుండా మొదలుపెట్టొద్దు, కరెంటు మీ అప్‌డేట్ అయ్యేదాకా ఆగదు.

సెట్టింగు మార్చాక పెట్టె అసలు లేవకపోతే కంగారు పడకండి. అడాప్టర్ పీకి, మూత తీసి, రెండు తీగలున్న చిన్న సీఆర్2032 సెల్ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, అయిదు నిమిషాలాగి మళ్లీ తగిలించండి. చాలా పెట్టెల్లో సెట్టింగులు మొదటికొస్తాయి. కొన్ని పెట్టెలకు వెనకాల రీసెట్ రంధ్రం ఉంటుంది, పిన్నీసుతో నొక్కితే ఇదే పని అవుతుంది. కనెక్టర్‌ని తీగలు పట్టుకుని లాగొద్దు, గోటితో ప్లాస్టిక్ ముక్కనే లేపాలి.

మేం మూత వేసేముందు లోపలి వైపు ఒక చీటీ అంటించాం: పీఎల్1 12000, పీఎల్2 18000, టౌ 28, గది 31, చిప్ 73. ఆ సెల్ ఏదో ఒకనాడు అయిపోతుంది, పెట్టె మళ్లీ 6 వాట్లకు వెళ్లిపోవచ్చు. అప్పుడు బావమరిది టేబుల్ ఫ్యాన్ దించకుండా ముందు మూత తీస్తాడని నా ఆశ.